జబ్బు ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. ఎంబీబీఎస్ పిల్లలు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలు ఒకే హాల్లో కలిసి కూర్చోవడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది. రేపు వార్డులో పరీక్ష కోసం రోగి ఒంట్లోంచి ముక్క తీసేది మీలో ఒకరు, దాన్ని స్లైడు మీదికి తెచ్చేది ఇంకొకరు. ఈ కథ ఇద్దరూ కలిసి వినాల్సిందే.

పాథాలజీ, అంటే జబ్బు ఒంట్లో తెచ్చే మార్పుల్ని చదివే శాస్త్రం, దాని చరిత్ర అనగానే పరీక్ష కోసం బట్టీ పట్టే పేర్లు, సంవత్సరాలు గుర్తొస్తాయి. అవన్నీ ఇక్కడ వల్లించను. అలా తీసిన బయాప్సీ ముక్కతో పాటు ల్యాబ్‌కి ఒక ఫారం వస్తుంది కదా, అందులో రోగి బాధలు, అలవాట్లు రాయడానికి 'క్లినికల్ హిస్టరీ' అనే గడి ఉంటుంది. చాలాసార్లు అది ఖాళీగా వస్తుంది. లేదంటే 'గడ్డ' అని ఒక్క మాట రాసి ఉంటుంది. మన సబ్జెక్టు పుట్టింది ఆ గడిలో రాయాల్సిన సంగతుల్లోంచే. అది మీకు చూపించాలనే ఇంత దూరం వచ్చాను.

1761కి వెళ్దాం. ఇటలీలోని పాడువాలో జొవాన్నీ బత్తిస్తా మోర్గాన్యి అనే అనాటమీ ప్రొఫెసర్ ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయించారు. అప్పటికి ఆయన వయసు 79. జబ్బులు ఎక్కడ ఉంటాయి, ఎందుకు వస్తాయి అన్నదే అందులో విషయం. 70 ఉత్తరాల రూపంలో రాసిన ఆ గ్రంథంలో సుమారు 700 మంది కథలున్నాయి. యూరప్ వైద్యులు అప్పటికి ఎన్నో వందల ఏళ్లుగా జబ్బంటే ఒంట్లో నాలుగు ద్రవాల పాళ్లు చెడిపోవడమే అని నమ్ముతూ వచ్చారు. అలా నమ్మినంతకాలం జబ్బుకి ఒంట్లో ఒక చోటు అంటూ ఉండదు. మోర్గాన్యి ఆ చోటు కోసం వెతికారు.

ఆయన రాసే తీరు గమనించండి. ముందు మనిషి వయసు, పని, అలవాట్లు, ఎప్పటినుంచి ఏ బాధ పడ్డాడు, ఎలా చనిపోయాడు రాస్తారు. ఆ తర్వాతే శవాన్ని తెరిస్తే ఏం కనిపించిందో చెబుతారు. కుడి చెయ్యీ కాలూ పడిపోయి చనిపోయిన మనిషి మెదడు తెరిస్తే రక్తం ఎడమ వైపు చేరి ఉంది. ఇది ఆయన గురువు వల్సాల్వా ముందే గమనించిన సంగతి. శిష్యుడు ఒక్కో కేసూ చూపించి దాన్ని స్థిరపరిచారు. ఇవాళ స్ట్రోక్ వచ్చిన మనిషిని చూడగానే స్కాన్‌లో ఏ వైపు వెతకాలో మీకు తెలుస్తోందంటే దాని వెనక ఈ ఇద్దరూ ఉన్నారు.

ఆ గ్రంథం చివర ఉన్న సూచికలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఒకదాంట్లో లక్షణం పేరు పట్టుకుని వెతికితే లోపల ఏం కనిపించిందో దొరుకుతుంది. ఇంకోదాంట్లో లోపల కనిపించిన మార్పు పట్టుకుని వెతికితే ఆ మనిషి బతికుండగా ఏ బాధ పడ్డాడో దొరుకుతుంది. మంచం దగ్గర నుంచి శవాగారానికి, శవాగారం నుంచి మళ్లీ మంచం దగ్గరికి రెండు వైపులా దారి వేశారాయన. క్లినికల్ హిస్టరీ గడి ఖాళీగా పంపినప్పుడు మనం మూసేస్తున్నది ఆ దారినే.

పారిస్‌లో బిషా అనే వైద్యుడు మోర్గాన్యి కంటే ఒక మెట్టు లోపలికి దిగి, అవయవాన్ని కణజాలాలుగా విడదీసి చూశారు. మైక్రోస్కోపు వాడకుండానే 21 రకాలు గుర్తించి, 1802లో 30 ఏళ్లకే చనిపోయారు. ఆయన గురించి ఇంతకంటే చెప్పాలని ఉంది కానీ, వియన్నాకి ఎక్కువ టైం ఉంచుకోవాలి.

వియన్నా జనరల్ హాస్పిటల్‌లో రోకిటాన్‌స్కీ అనే పాథాలజిస్టు తన చేతులతోనే సుమారు 30,000 శవపరీక్షలు చేశారని చెబుతారు. ఆ రోజుల్లో అక్కడ చదువుకునే డాక్టర్లు పొద్దున్నే శవాగారంలో పని చేసి, అక్కణ్ణుంచి ప్రసవాల వార్డుకి వెళ్లేవారు. ప్రసవాలకి రెండు వార్డులుండేవి. మొదటిదాంట్లో మెడికల్ విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు పురుళ్లు పోసేవారు. 1846లో మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోతే, రెండోదాంట్లో చనిపోయింది ముగ్గురి లోపే. ఆ సంగతి ఊళ్లో ఆడవాళ్లకి తెలుసు. మొదటి వార్డులో వేయొద్దని కాళ్లావేళ్లా పడేవారు.

అక్కడ అసిస్టెంటుగా ఉన్న ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌ని ఆ తేడా నిద్రపోనివ్వలేదు. 1847 వసంతకాలంలో ఆయన స్నేహితుడు, ఫోరెన్సిక్ ప్రొఫెసర్ కొలెచ్‌కా చనిపోయారు. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి కత్తి ఆయన వేలికి తగిలింది. చిన్న గాటు. కొన్నాళ్లకే ప్రాణం తీసింది. సెమ్మెల్‌వైస్ స్నేహితుడి శవపరీక్ష రిపోర్టు తెప్పించుకుని చదివారు. రక్తనాళాల్లో వాపు, ఊపిరితిత్తుల పొరలో చీము, కడుపు పొరలో చీము, మెదడు పొరల్లోనూ అదే. బాలింత జ్వరంతో పోయిన తల్లుల శవాల్లో ఆయన ఎన్నోసార్లు చూసిన మార్పులే అవి. ఒక మగ ప్రొఫెసర్ శరీరంలో బాలింత జ్వరం కనిపించింది!

రెండు రిపోర్టుల్ని పక్కపక్కన పెట్టి, ఆ మనుషులకి ఏం జరిగిందో కూడా కలిపి ఆలోచించారాయన. కొలెచ్‌కా ఒంట్లోకి శవంలోని మురికి కత్తి మీద వెళ్లింది. తల్లుల ఒంట్లోకి డాక్టర్ల వేళ్ల మీద వెళ్తోంది. మే నెల మధ్య నుంచి క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కున్నాకే పురుడు పోయాలని పట్టుబట్టారు. ఏప్రిల్‌లో నూటికి 18 దాటిన మరణాలు జూన్‌కల్లా రెండు చిల్లరకి దిగాయి. బ్యాక్టీరియా వల్ల ఇలాంటి జబ్బులొస్తాయని అప్పటికి ఇంకా నిరూపణ కాలేదు.

ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. వియన్నాకి పేరు తెచ్చిన శవపరీక్షలే ఆ వార్డుకి చావుని మోసుకెళ్లాయి. ఆ నిజం బయటపడ్డదీ ఒక శవపరీక్ష రిపోర్టుని శ్రద్ధగా చదవడం వల్లే. పెద్దలు చాలామంది ఆయన మాట పట్టించుకోలేదు. వారిలో రుడాల్ఫ్ విర్కో కూడా ఉన్నారు.

ఆ విర్కో మన సబ్జెక్టుకి మూలపురుషుడు. 1858లో బెర్లిన్‌లో 20 ఉపన్యాసాలిచ్చి, జబ్బు చోటుని కణం దాకా తీసుకెళ్లారు. కణం కణం నుంచే పుడుతుందన్న మాట ఆయన పేరు మీద ప్రచారంలో ఉంది. కణం రెండుగా చీలడాన్ని ఓపిగ్గా చూసి ముందే నిరూపించిన రాబర్ట్ రేమాక్‌కి దక్కాల్సిన పేరు దక్కలేదు. యూదుడు కావడంతో రేమాక్‌కి యూనివర్సిటీలో పూర్తి ప్రొఫెసర్ పదవి కూడా రాలేదు. పాఠాల్లో విర్కో పేరు వచ్చిన ప్రతిసారీ రేమాక్ పేరూ చెప్పండి. అది మన బాధ్యత.

విర్కో గురించి అందరూ చెప్పే విషయాలు వదిలేసి ఒక్క రిపోర్టు గురించి చెబుతాను. 1887లో జర్మన్ యువరాజు ఫ్రెడరిక్‌కి గొంతు బొంగురుపోయింది. బెర్లిన్ డాక్టర్లు క్యాన్సర్ అనుకుని ఆపరేషన్‌కి సిద్ధమయ్యారు. లండన్ నుంచి వచ్చిన డాక్టర్ మెకంజీ ముందు ముక్క తీసి చూద్దామన్నారు. ముక్కలు విర్కో దగ్గరికి వెళ్లాయి. క్యాన్సర్ ఆనవాళ్లు లేవని ఆయన రాశారు, ఆపరేషన్ ఆగిపోయింది. మరుసటి ఏడు మార్చిలో ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యి, 99 రోజులు ఏలి జూన్‌లో చనిపోయారు. శవపరీక్షలో గొంతులో క్యాన్సర్ కనిపించింది.

విర్కో తప్పు చూశారని చాలామంది అన్నారు. కానీ ఆయన తన చేతికొచ్చిన ముక్క గురించే చెప్పారు. మిగతా భాగమంతా ఇలాగే ఉంటుందని దీన్నిబట్టి కచ్చితంగా చెప్పలేమని కూడా రాశారు. చుట్టూ ఉన్నవాళ్లు మొదటి మాట విని రెండోది వదిలేశారు. పిల్లలూ, 'క్యాన్సర్ లేదు' అనడానికీ 'పంపిన ముక్కలో క్యాన్సర్ కనిపించలేదు' అనడానికీ మధ్య ఒక మనిషి ప్రాణం ఉంటుంది. రిపోర్టు రాసేవాళ్లూ, చదివేవాళ్లూ ఆ రెండో వాక్యాన్ని వదలకండి.

ఇక మన దగ్గరికి వద్దాం. బొంబాయిలో టాటా మెమోరియల్ ల్యాబ్‌ని నిలబెట్టిన వసంత్ ఖనోల్కర్ క్యాన్సర్ స్లైడుతో పాటు ఆ మనిషి ఏం నములుతాడు, ఏం కాలుస్తాడు, ఏం కట్టుకుంటాడు అని అడిగేవారు. అలవాట్లకీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద 1945లో సూర్యాబాయితో కలిసి ఒక పత్రం ప్రచురించారు. ప్రపంచంలో మిగతాచోట్ల అంగిలి క్యాన్సర్ అరుదు. మన విశాఖ, శ్రీకాకుళం వైపు మాత్రం ఎక్కువగా కనిపించేది. కారణం మీలో కొందరి అమ్మమ్మలకి తెలుసు. అది అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మన పాథాలజిస్టు గోవిందరెడ్డి గారు సహచరుడితో కలిసి కోస్తా ఆంధ్రలో ఈ సంగతి గురించి 1957లో రాశారు. 1971లో డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకులు కలిసి శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మందిని చూసిన సర్వే వివరాలు వచ్చాయి.

అడ్డపొగ కాల్చేవాళ్ల నోరు టార్చి వేసి చూడండి. అంగిలి తెల్లబారి, మందంగా, చిన్నచిన్న బొడిపెలతో ఉంటుంది. ఒక్కో బొడిపె నడుమ ఎర్రటి చుక్క కనిపిస్తుంది. అది లాలాజల గ్రంథి నోరు, వేడికి వాచిపోయి ఉంటుంది. మైక్రోస్కోపు కింద పైపొర మందమెక్కి, కొందరిలో కణాల వరుస చెదిరి కనిపిస్తుంది. ఇదంతా స్లైడు చూపిస్తుంది. ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఆ అమ్మని అడిగితేనే తెలుస్తుంది.

మనం వాడే చాలా ఫారాల్లో పొగాకు అలవాటు గురించి 'ఉంది', 'లేదు' అనే రెండే గళ్లు ఉంటాయి. చుట్టా, బీడీయా, ఖైనీయా, గుట్కాయా, అడ్డపొగా, ఎన్నేళ్ల నుంచి అని అడిగేలా దాన్ని మార్చడానికి పైసా ఖర్చు లేదు. ఫారం ఖాళీగా వస్తే టెక్నీషియన్లు మొహమాటపడకుండా వార్డుకి ఫోన్ చేయండి. వార్డులో ఉన్నవాళ్లు విసుక్కోకుండా చెప్పండి. కొత్త ఫారం నమూనా ఒకటి రాసి తెచ్చాను, అది చూస్తూ మీ ప్రశ్నలు అడగండి.