టేబుల్‌టాప్ ఆర్కేడ్ కిట్ రివ్యూ: బటన్లు బంగారం, బోర్డులు బేజారు

హాయ్ అండీ. ముందే చెప్పేస్తున్నా, పాతకాలం వీడియో గేమ్ డబ్బా లాంటిది బల్ల మీద పట్టేంత చిన్నగా ఇంట్లోనే కట్టుకోవడానికి పనికొచ్చే ఈ కిట్ రివ్యూ కోసం ఫ్రీగా వచ్చింది. డబ్బులు తీసుకోలేదు, వీడియో ముందుగా ఎవరికీ చూపించలేదు. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు. ఇవే బటన్లు, ఇదే బోర్డు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు. ఇద్దరు ఆడటానికి రెండు జాయ్‌స్టిక్కులు, ఇరవై బటన్లు, రెండు యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు (బటన్ నొక్కితే ఆ సంగతి కంప్యూటర్‌కి చేరవేసేవి), ఓ వైర్ల కట్ట. స్పెసిఫికేషన్లు అమ్మే పేజీలో మీరు చూసే ఉంటారు, అవి మళ్ళీ చదివి వినిపించను.

కొత్తగా డబ్బా కట్టేవాళ్ళంతా చెక్కపనికి భయపడతారు. అది నిజానికి తేలిక. పక్క పలకలు రెండిటినీ ఒకదాని మీద ఒకటి క్లాంపులతో బిగించి ఒకేసారి కోయండి. వంకర పోయినా రెండూ ఒకేలా పోతాయి, డబ్బా మాత్రం సరిగ్గా నిలబడుతుంది. 12 ఎంఎం ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) చాలు. దాని అంచులోకి నేరుగా స్క్రూ ఎక్కిస్తే పొరలుగా ఉబ్బి చీలిపోతుంది, 4 ఎంఎం స్క్రూకి 3 ఎంఎం చిల్లు ముందే పెట్టుకోవాలి. ఇంకా మేలు, లోపలి మూలల్లో చెక్క బద్దలు అతికించి స్క్రూలు వాటిలోకి బిగించండి. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ పొడి మంచిది కాదు. రంగు వేసేముందు అంచులకు నీళ్ళు కలిపిన వుడ్ గ్లూ ఒక పూత పట్టించండి, లేదంటే ఎన్ని పూతలేసినా తాగేస్తుంది. చెక్క సంగతి అంతే.

అసలు తిరకాసంతా కంట్రోల్ ప్యానెల్ దగ్గరే, అంటే బటన్లు, జాయ్‌స్టిక్కులు బిగించే పలక దగ్గర. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నా. ఈ బటన్‌కి పక్కన రెండు చిన్న ప్లాస్టిక్ చెవులున్నాయి చూడండి. ఇది 30 ఎంఎం, నొక్కితే టక్కున పట్టుకునే రకం. ఈ చెవులు పలచటి రేకు కిందో, యాక్రిలిక్ కిందో విచ్చుకుని పట్టుకోవాలి. 12 ఎంఎం చెక్కలో విచ్చుకునే చోటే లేదు. బిగువుగా కూర్చున్నట్టే కనిపిస్తుంది గానీ, ఆడుతూ ఆడుతూ ఉంటే మెల్లగా పైకి లేస్తుంది. ఇంకా మందంగా 18 ఎంఎం వాడితే కింది పిన్నులు చెక్కలోనే కూరుకుపోయి వైరు తగిలించడానికి వేలు పట్టదు. జాయ్‌స్టిక్‌దీ అదే కథ. కింది నుంచి బిగిస్తాం కాబట్టి పలక ఎంత మందమైతే కర్ర పైకి అంత పొట్టిగా నిలబడుతుంది.

అందుకే డబ్బా అంతా 12 ఎంఎం పెట్టినా, ప్యానెల్ ఒక్కటి 6 ఎంఎం ప్లైవుడ్ వాడండి, వంగకుండా కింద అడ్డంగా రెండు బద్దలు వేయండి. బటన్లు మరబిళ్ళతో (నట్టుతో) బిగించే రకం తీసుకుంటే కదలడమన్నదే ఉండదు. ఈ కిట్‌లో ఆ రకం లేదు, అడిగితే ఇచ్చే ఆప్షనూ లేదు. ప్యానెల్ కింద లోతు కూడా కొలవండి. జాయ్‌స్టిక్, దాని ప్లగ్, వంగిన వైరు అన్నీ కలిపితే 7 సెంటీమీటర్లు వదలడం క్షేమం. ముందు అంచు అందంగా సన్నగా ఉండాలని 4 సెంటీమీటర్లకు కుదిస్తే జాయ్‌స్టిక్ అడుగు పలకకి తగిలి మూత పడదు.

చిల్లుల లేఅవుట్ కాగితం మీద ప్రింట్ తీసి అతికిస్తాం కదా. ప్రింటర్‌లో పేజీకి సరిపెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉంటే బొమ్మ కొద్దిగా కుంచించుకుపోతుంది. కాగితం మీద 100 ఎంఎం గీత ఒకటి ఉంచుకుని, ప్రింటయ్యాక స్కేలుతో కొలవండి. 97 వచ్చిందా, ఆ కాగితం చింపేయండి. బటన్ మధ్య నుంచి పక్క బటన్ మధ్యకి 36 ఎంఎం దూరం చేతికి హాయిగా ఉంటుంది. ముందు అట్టముక్క మీద చిల్లులు కోసి బటన్లు పెట్టి, చెయ్యి ఆనించి చూసుకోండి. చిల్లులకి 30 ఎంఎం ఫోర్స్‌నర్ బిట్ (చెక్కలో పెద్ద గుండ్రటి చిల్లు నున్నగా కోసే డ్రిల్ బిట్), జాయ్‌స్టిక్ కర్రకి 24 ఎంఎం. పలక కింద పనికిరాని చెక్కముక్క ఆనించి డ్రిల్ చేయకపోతే అవతలి వైపు చెక్క పెచ్చులుగా లేచిపోతుంది.

వైరింగ్ భయపడేంతేమీ కాదు. బటన్ అంటే ఒట్టి స్విచ్, రెండు వైర్లలో ఏది ఎటు పెట్టినా పర్లేదు. కానీ వైరు చివర క్లిప్పు వెడల్పు చూసుకోండి. ఈ జపాన్ తరహా బటన్లకు 2.8 ఎంఎం క్లిప్పు కావాలి, మైక్రోస్విచ్ (క్లిక్‌మనే చిన్న స్విచ్ డబ్బీ) ఉన్న పెద్ద బటన్లకు 4.8. పెద్దది తెచ్చి చిన్న పిన్నుకి నొక్కి పెడితే పనిచేస్తున్నట్టే ఉండి ఆట మధ్యలో ఊడిపోతుంది. బోర్డు మీద టర్బో, ఆటో, మోడ్ అని రాసిన సాకెట్లు ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకండి. స్టార్ట్ బటన్ పనిచేయట్లేదని తల పట్టుకునేవాళ్ళలో చాలామంది ప్లగ్ అక్కడ పెట్టి ఉంటారు. ఇంకోటి, స్విచ్‌లు విడివిడిగా ఉండే జాయ్‌స్టిక్ అయితే ఎడమ దిక్కు వైరు కుడివైపు స్విచ్‌కి పోవాలి. కర్ర మధ్యలో ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి పైన ఎడమకి నెడితే కింద కుడికి పోతుంది.

జాయ్‌స్టిక్ మాత్రం బాగుంది. కింద గేటు ప్లేటు (కర్ర ఎటు కదలాలో హద్దు పెట్టేది) తిప్పి 8 దిక్కుల నుంచి 4 దిక్కులకు మార్చుకోవచ్చు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్ 8 దిక్కుల కర్రతో ఆడితే మలుపు దగ్గర మూలకి పోయి దెయ్యం చేతిలో చస్తారు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2కి 4 దిక్కులు పెడితే, మూల దిక్కు దొరకదు కాబట్టి, ఒక్క ఫైర్‌బాల్ కూడా రాదు. బటన్ల స్పర్శ కూడా ఈ స్థాయి కిట్‌లో ఊహించనంత మెత్తగా ఉంది.

ఇప్పుడు ఒళ్ళు మండే విషయం. ఈ బోర్డు పేరు జీరో డిలే. పేరులోనే మోసం. యూఎస్‌బీలో బోర్డు తనంతట తాను ఏమీ చెప్పదు, కంప్యూటర్ అడిగినప్పుడే చెబుతుంది. ఆ అడగడానికీ అడగడానికీ మధ్య ఆలస్యం ఉండనే ఉంటుంది. సరే, అదైనా ఆటలో తెలియదు, క్షమిద్దాం. కానీ రెండు బోర్డులూ కంప్యూటర్‌కి ఒకే పేరుతో, ఒకే ఐడీతో కనిపిస్తాయి, వేరువేరు సీరియల్ నంబర్ లేదు. ఏది ముందు కనిపిస్తే అది ప్లేయర్ 1. ఇవాళ ఎడమవైపు ప్లేయర్ 1, ఇంకోసారి ఆన్ చేస్తే కుడివైపు ప్లేయర్ 1! సెట్టింగుల్లో మార్చుకుంటే తర్వాతి బూట్‌లో మళ్ళీ తారుమారు కావచ్చు. ఒక్కో బోర్డునీ ఎప్పుడూ ఒకే పోర్టులో ఉంచితే కొంత తగ్గుతుంది, హబ్ మధ్యలో పెడితే ఇంకా గందరగోళం. మూత బిగించేశాక ఇది బయటపడితే తల ప్రాణం తోకకొస్తుంది. కీబోర్డులా కనిపించే ఎన్‌కోడర్ అయితే ఇద్దరి బటన్లూ ఒకే యూఎస్‌బీ మీద వేరువేరు కీలుగా వస్తాయి, ఈ గొడవే పుట్టదు. ఇద్దరి కిట్ అని అమ్ముతూ ఇలాంటి బోర్డులు రెండు పడేయడం నాకు అస్సలు నచ్చలేదు.

మిగతావి గబగబా. పాత 19 అంగుళాల 5:4 మానిటర్ ఈ డబ్బాకి చక్కగా అతుకుతుంది. కొనేముందు గోడ దగ్గర ప్లగ్ పీకి మళ్ళీ పెట్టండి. బొమ్మ తనంతట తాను వస్తేనే తీసుకోండి, లేదంటే ఆడాలనుకున్న ప్రతిసారీ డబ్బా లోపల చెయ్యి పెట్టి బటన్ నొక్కాలి. స్క్రీన్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే రంగులు పాలిపోతున్నాయేమో కూడా గమనించండి, టీఎన్ అనే రకం ఎల్‌సీడీ స్క్రీన్లలో ఆ జబ్బు ఎక్కువ. డబ్బా లోపల ఆటలు నడిపే చిన్న కంప్యూటర్‌గా రాస్ప్‌బెర్రీ పై 4 పెడితే దానికి 5 వోల్టుల 3 యాంపుల అడాప్టరే వాడండి, స్క్రీన్ మీద మెరుపు గుర్తు కనిపిస్తే కరెంటు చాలట్లేదని అర్థం. ఆంప్లిఫయర్‌కి అదే 5 వోల్టులు పంచితే స్పీకర్లలో జుయ్యిమని మోత రావచ్చు, దానికి వేరే అడాప్టర్ ఇవ్వండి. ఆపేటప్పుడు ప్లగ్ పీకేస్తే మెమరీ కార్డు పాడవ్వచ్చు. రాస్ప్‌బెర్రీ పై మీది 5, 6 పిన్నుల మధ్య చిన్న బటన్ పెట్టి, కాన్ఫిగ్ ఫైల్‌లో జీపీఐఓ షట్‌డౌన్ (పిన్నుకి పెట్టిన బటన్‌తో ఆపే సెట్టింగ్) ఆన్ చేసుకుంటే ఆపడం, లేపడం రెండూ దానితోనే. గాలికి కింద కొన్ని చిల్లులు, వెనక పైన కొన్ని. 80 డిగ్రీలు దాటితే రాస్ప్‌బెర్రీ పై తనే వేగం తగ్గించుకుంటుంది.

ఆటలు ఎక్కడ దొరుకుతాయని మాత్రం కామెంట్లలో అడగకండి, వాటికి కాపీరైట్ ఉంది. టెస్టింగ్‌కి గ్రిడ్‌లీ, రాబీ రోటో లాంటివి మేమ్ (పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్ మీద నడిపే ప్రోగ్రామ్) వాళ్ళ సైట్‌లోనే సొంత వాడకానికి ఉచితంగా ఉన్నాయి.

తీర్పు అంటారా? ఒక్కరే ఆడే డబ్బా కడుతుంటే ఇలాంటి కిట్‌లో ఒకరి సెట్టు తీసుకోండి, కళ్ళు మూసుకుని. ఇద్దరి డబ్బాకైతే నేను వద్దనే అంటాను. బటన్లు, జాయ్‌స్టిక్కులు విడిగా కొని, కీబోర్డ్ రకం ఎన్‌కోడర్ ఒక్కటి పెట్టండి. ఇప్పటికే కొనేసినవాళ్ళు బోర్డులు పారేయకండి, ఒకటి బిగించి రెండోది స్పేర్‌గా డబ్బా అడుగున టేప్ వేసి ఉంచుకోండి. ఆ వైర్ల సాకెట్లు పీకి పెట్టేటప్పుడు లాగాల్సింది వైరుని కాదు, తెల్ల ప్లగ్‌ని.