దవావోలో చవకగా ఉండటం: గది, కరెంటు, కూడు

[తెర మీద: గేటుకి వేలాడుతున్న అట్టముక్క. "రూమ్ ఫర్ రెంట్. ఫ్యాన్ రూమ్. ఓన్ సీఆర్."]

నమస్తే. ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్న పిల్లల్ని చూసి రావడానికి వెళ్లే అమ్మానాన్నల కోసం, హాస్టల్ వదిలి బయట గది వెతుక్కునే పిల్లల కోసం ఈ వీడియో. మన తెలుగు పిల్లలు బాగా ఉన్న ఊరు దవావో కాబట్టి లెక్కలన్నీ ఆ ఊరివే. పెసో అంటే సుమారు రూపాయిన్నర అనుకోండి.

ముందు వీసా. 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్టు మీద టూరిస్టుగా 14 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు. ఆ గడువు పొడిగించరు, అక్కడికెళ్లాక వేరే వీసాగా మార్చరు. అంతకు మించి ఉండాలంటే విజిటర్ వీసా తీసుకునే బయల్దేరాలి. ఇమిగ్రేషన్‌లో తిరుగు టికెట్టు, ఖర్చులకు డబ్బున్నట్టు ఆధారం, బస బుకింగ్ అడుగుతారు. మొదటి మూడు రాత్రులకైనా పక్కా బుకింగ్ కాగితం చేతిలో ఉండాలి. తర్వాత పిల్లల దగ్గర ఉండేట్టయితే వాళ్ల అడ్రసు, స్టూడెంట్ ఐడీ కాపీ కూడా పెట్టుకోండి. ప్రయాణానికి ముందు 72 గంటల లోపు ఈట్రావెల్ ఫారం, అంటే ఫిలిప్పీన్స్ సర్కారు ఆన్‌లైన్‌లో అడిగే ప్రయాణ వివరాలు, నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగిన సైటు ఏదైనా సరే, అది సర్కారుది కాదు.

[తెర మీద: 14 రాత్రులు × 900 = 12,600 పెసోలు]

ఆ మూడు రాత్రులకీ పెన్షన్ హౌస్ చూడండి. పేరు చూసి కంగారుపడకండి, అది చిన్న లాడ్జి. రాత్రికి 600 నుంచి 1,200 పెసోల దాకా ఉంటుంది. సగటున 900 చొప్పున పద్నాలుగు రోజులూ అక్కడే ఉంటే మాత్రం పన్నెండు వేలు దాటిపోతుంది. అదే ఊళ్లో బోర్డింగ్ హౌస్‌లో ఫ్యాన్ రూమ్ నెలకి 3,000 నుంచి 6,000కి దొరుకుతుంది. రెండు వారాలే ఉన్నా నెల అద్దె కట్టడమే లాభం. రోజుకో వారానికో ఇచ్చే ఇళ్లూ ఉంటాయి, వాటిని ‘ట్రాన్సియెంట్’ అంటారు. ‘బెడ్‌స్పేస్’ అంటే గది కాదు, గదిలో ఒక మంచం. సీఆర్ అంటే బాత్రూమ్. ‘ఓన్ సీఆర్’ అని లేకపోతే పది మందితో పంచుకోవాలి.

గదిని ఫోన్‌లో కాకుండా కాలినడకన వెతకండి. పొద్దున్నే కాలేజీ చుట్టుపక్కల వీధులు తిరిగితే గేట్లకీ, సరి-సరి స్టోర్ల (చిన్న కిరాణా కొట్ల) గోడలకీ ఇలాంటి అట్టలు కనబడతాయి. ఫేస్‌బుక్‌లో ఫొటో చూపించి, ‘రిజర్వేషన్ ఫీజు జీక్యాష్‌లో (మన ఫోన్‌పే లాంటి యాప్) పంపండి’ అనేవాళ్లకి గది కళ్లారా చూడకుండా ఒక్క పెసో పంపొద్దు. కాండోలో, అంటే అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో, అద్దెకి దిగుతుంటే, ఆ భవనంలో కొద్దిరోజుల అతిథుల్ని రానిస్తారో లేదో యజమానిని ముందే అడగండి. కొన్ని భవనాల్లో అది నిషేధం, గార్డు సామాన్లతో సహా లాబీలోనే ఆపేస్తాడు.

ఇప్పుడు అసలు విషయం, కరెంటు. అద్దె ఎంతో అట్టమీద రాస్తారు, కరెంటు రేటు రాయరు. ఇక్కడ యూనిట్ ధర మన ఊళ్లకంటే చాలా ఎక్కువ. పైగా చాలామంది యజమానులు గదికో సబ్‌మీటర్ పెట్టి, కంపెనీ రేటు మీద కొంత కలిపి వసూలు చేస్తారు. యూనిట్‌కి 15 పెసోలు అనుకుందాం. కిటికీ ఏసీ రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే దాదాపు ఆరు యూనిట్లు, అంటే 90 పెసోలు. నెలకి 2,700! ఫ్యాన్ అయితే రాత్రికి పది పెసోలు కూడా కాదు. ఏసీ గది, ఫ్యాన్ గది మధ్య తేడా అద్దెలో చూసి తేల్చుకోకండి, మీటర్లో చూడండి.

[తెర మీద: సబ్‌మీటర్ దగ్గరగా. అంకెలు 1482.]

గదిలో దిగే రోజు ఒక పని చేయండి. ఫ్యాను, లైటు, చార్జర్లు అన్నీ ఆపేసి, సబ్‌మీటర్ దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. చక్రం తిరుగుతున్నా, ఎర్ర లైటు మినుకుతున్నా మీ లైన్ మీద ఇంకెవరిదో ఫ్రిజ్ ఉందన్నమాట. అది తేలకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. అంతా సరిగా ఉంటే యజమాని ఎదురుగానే రీడింగ్ ఫొటో తీసి, ఆయనకే మెసేజ్ చేయండి. తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది.

మన గుండ్రటి పిన్నులు అక్కడి సాకెట్లో దూరవు, చదునైన రెండు పిన్నుల అడాప్టర్ కావాలి. వోల్టేజీ 220, కాబట్టి కన్వర్టర్ అక్కర్లేదు. కరెంటు పోవడాన్ని ‘బ్రౌన్‌అవుట్’ అంటారు, అది రాబోతోందని వినబడితే ముందే ఫోన్ చార్జింగ్ పెట్టుకోండి.

తిండి సంగతికొద్దాం. కారిండెరియాల్లో, అంటే చిన్న భోజనం హోటళ్లలో, గాజు అరల వెనక గిన్నెలు పెట్టి ఉంటాయి, వేలితో చూపిస్తే వడ్డిస్తారు. అన్నం, ఒక కూర కలిపి వంద పెసోల లోపే. శాకాహారులకి మాత్రం కష్టం. ఆకుకూరలా కనబడే గిన్నెలోనూ రొయ్యల ముద్దో చేపల రసమో పడుతుంది. ‘వాలాంగ్ కార్నే’ అంటే మాంసం లేనిది, కానీ అంతవరకే అంటే చేప పెట్టేస్తారు. ‘వాలాంగ్ ఇస్దా, వాలాంగ్ హిపోన్’, అంటే చేప లేకుండా, రొయ్య లేకుండా, అని కూడా కలపాలి.

అందుకే వండుకోవడం మేలు. పొద్దున్నే బంకెరోహన్ మార్కెట్‌కి వెళ్లండి. మలుంగాయ్ అని కట్టలు కట్టి అమ్మేది మన మునగాకే. ఉపో సొరకాయ, పటోలా బీరకాయ, అంపలాయా కాకరకాయ, టలోంగ్ వంకాయ, సంపాలోక్ చింతపండు. ముంగో అంటే పెసలు. పెసలు ఉడకబెట్టి మునగాకు వేసి దించే కూర వాళ్లకీ ఉంది! కందిపప్పు, కారం మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి. బెడ్‌స్పేసుల్లో చాలాచోట్ల వంట నిషేధం, కొన్నిచోట్ల రైస్ కుక్కర్‌కి నెలకింతని విడిగా అడుగుతారు. అది కూడా ముందే తేల్చుకోవాలి. తాగునీళ్లకి వీధివీధినా రిఫిల్లింగ్ స్టేషన్లున్నాయి, ఐదు గ్యాలన్ల డబ్బా 25 నుంచి 40 పెసోలు.

ఏటీఎంలో మన కార్డుతో తీస్తే ప్రతిసారీ 250 పెసోల దాకా కోత పడుతుంది. ఎంత తీసినా కోత అంతే కాబట్టి, ఒకేసారి ఎక్కువ తీయండి.

చివరగా డిపాజిట్. ఖాళీ చేశాక చివరి కరెంటు బిల్లు వచ్చేదాకా ఆగి, నెల తర్వాత ఇస్తామనడం అక్కడ మామూలు. అప్పటికి మీరు ఇండియాలో ఉంటారు. అందుకే దిగేటప్పుడే ఒప్పందంలో రాయించండి: వెళ్లే రోజు సబ్‌మీటర్ చూసి లెక్క కట్టి, మిగిలింది అప్పుడే ఇవ్వాలని. బయల్దేరే పొద్దున మళ్లీ మీటర్ ఫొటో తీయండి. 1544 ఉందా? 62 యూనిట్లు, 15 చొప్పున 930 పెసోలు. ఆ 930 పోగా మిగతా డబ్బు చేతికొచ్చాకే తాళం ఇవ్వండి.