నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందా?

నమస్తే అండీ. ఫోన్‌లో ఆరోగ్యం గురించి ఏదైనా చదివాక, ఇంట్లో ఏం చేయాలో మీకు తెలుస్తోందా?

నల్లగొండ వాళ్లం కాబట్టి ఫ్లోరైడ్ సంగతే చూద్దాం. మర్రిగూడ వైపు బోరు నీళ్లు తాగే ఇల్లు అనుకోండి. మంచినీళ్ల జాగ్రత్తలని వెతికితే, కాచి చల్లార్చి తాగండి అని వస్తుంది. క్రిములకైతే మంచి సలహానే. కానీ కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే ఉండిపోతుంది. అంటే మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకాస్త పెరుగుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపలేదు. ఈ ఒక్క ముక్క రాయకపోతే, పిల్లల కోసం గ్యాస్ ఖర్చుపెట్టి రోజూ నీళ్లు కాచే తల్లి ఇక భయం లేదనుకుంటుంది. నాకు కడుపు మండేది ఇక్కడే.

ఇంకోచోట ఫ్లోరైడ్ పళ్లకు మంచిదని ఉంటుంది. పేస్టు డబ్బా మీదా అదే మాట. మన ఊళ్లలోనేమో ఫ్లోరైడ్ వల్లే పిల్లల పళ్లు గారపట్టాయంటారు. రెండూ నిజమే, తేడా అంతా మోతాదులోనే. కొద్దిగా అయితే పంటికి మేలు. పళ్లు తయారయ్యే వయసులో ఎక్కువైతే మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకలు వంగిపోతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ అంటుంది. మరి మన బోరులో ఎంతుంది? రంగు, రుచి చూసి చెప్పలేం, టెస్టు చేయించాల్సిందే. ఎక్కడ చేయిస్తారో పంచాయతీలో అడగండి.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నీరీ (నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన నల్లగొండ పేరే పెట్టారు. అలాగని వీడియో చూసి అందాజాగా పటిక కలపకండి. ఎంత వేయాలన్నది నీళ్లను బట్టి మారుతుంది.

జనానికి చదువు లేక అర్థం కావట్లేదంటే నేను ఒప్పుకోను. డిగ్రీ చదివినవాళ్లూ ఇక్కడ తికమకపడుతున్నారు. రోగులకిచ్చే సమాచారం 6వ తరగతి పిల్లలకు అర్థమయ్యేలా ఉండాలని అమెరికన్ మెడికల్ అసోసియేషనే చెబుతోంది. రాసేవాళ్లూ, వాట్సాప్‌లో పంపేవాళ్లూ ముందు ఇంట్లో అమ్మకు చదివి వినిపించండి. "ఇప్పుడు నువ్వేం చేస్తావమ్మా?" అని అడగండి. ఆమె సరిగా చెప్పలేకపోతే మార్చాల్సింది రాతనే.

మీ బోరు నీళ్ల టెస్టు కాగితం ఉంటే, ఫ్లోరైడ్ ఎదురుగా ఉన్న అంకె కామెంట్‌లో పెట్టండి. ఆ నీళ్లు తాగొచ్చో, బట్టలకే వాడాలో వచ్చే వీడియోలో చెబుతాను.