చలికాలంలో ప్రాగ్: ఒక్కళ్ళమే, రెండు రోజులు, పదహారు గంటల వెలుతురు

నమస్తే అండీ. జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళ కోసం ఈ వీడియో. "తోడు ఎవరూ రావట్లేదు, పైగా ఈ చలి, ఎండాకాలంలో చూద్దాంలే" అంటూ చెక్ రాజధాని ప్రాగ్‌ని వాయిదా వేస్తున్నారు చూడండి, ముఖ్యంగా మీకే చెప్తున్నాను. నేను డ్రెస్డెన్‌లో ఉంటాను. జనవరిలో ఒక్కదాన్నే రెండుసార్లు వెళ్ళొచ్చాను. మొదటిసారి నేను చూడాలనుకున్న చోట్లలో సగం తలుపులు వేసున్నాయి. రెండోసారి అన్నీ కుదిరాయి. ఏం మార్చానో చెప్తాను, మీరు మొదటిసారే సరిగ్గా చూసి రండి.

ముందు ఒక లెక్క. జనవరిలో అక్కడ పొద్దున ఎనిమిదికి కాస్త అటూ ఇటూగా తెల్లవారుతుంది, సాయంత్రం నాలుగు దాటితే పొద్దు వాలిపోతుంది. అంటే రోజుకి ఎనిమిది గంటల వెలుతురు, శని ఆదివారాలు కలిపి పదహారు. ఈ పదహారు గంటల్నీ ఆరుబయట చూడాల్సినవాటికీ, నాలుగింటికే మూసేసేవాటికీ దాచుకోవాలి. చీకటి పడ్డాక చూసేవి వేరే ఉన్నాయి.

ఇంకో సంగతి. కోటలోని సెయింట్ వైటస్ కెథడ్రల్‌లో ఆదివారం పొద్దున ప్రార్థనలు ఉంటాయి, మనల్ని మధ్యాహ్నం పన్నెండు తర్వాతే రానిస్తారు. యూదుల పేటలో మ్యూజియం, పాత శ్మశానం శనివారం తెరవరు, అది వాళ్ళ విశ్రాంతి దినం. కాబట్టి శనివారం కోట, ఆదివారం యూదుల పేట. నేను మొదటిసారి దీన్ని సరిగ్గా తలకిందులు చేశాను. ఈ ఒక్కటి రాసిపెట్టుకోండి.

ఇక ప్రయాణం. డ్రెస్డెన్ నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటలు. ఎడమవైపు కిటికీ సీటు తీసుకోండి, ఎల్బే నది అటువైపే ఉంటుంది. అందుకే శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరమంటాను. చీకటి పడకముందే సరిహద్దు దాటితే ఆ ఇసుకరాతి కొండలు, నది మీద పొగమంచు కనిపిస్తాయి. చెక్ దేశం కూడా, ఒకే వీసా చెల్లే షెంగెన్ దేశాల్లోనే ఉంది, జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళకి వేరే వీసా అక్కర్లేదు. కానీ పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్స్ దగ్గర ఉండాలి. తిరిగొచ్చేటప్పుడు పోలీసులు రైలెక్కి అడుగుతుంటారు, ఫోన్‌లో ఫోటో చూపిస్తే సరిపోదు.

డబ్బు దగ్గర కాస్త ఆగుదాం. అక్కడ యూరో లేదు, కొరునా. ఒక యూరోకి సుమారు 24, 25 కొరునాలు. పాత ఊరి సందుల్లో "కమీషన్ సున్నా" అని బోర్డు పెట్టిన డబ్బు మార్పిడి కొట్లు ఉంటాయి. నేను అలాంటి ఒక కొట్లో యాభై యూరోలు ఇచ్చాను. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న రేటు నాకిచ్చేది అనుకున్నాను. అది వాళ్ళు యూరోలు అమ్మే రేటు. రసీదు చూసుకునేసరికి దాదాపు పాతిక శాతం పోయింది. ఏం చెయ్యాలో తెలియక బయటికి వచ్చేశాను. తర్వాత తెలిసింది, 2019లో అక్కడ చట్టం మార్చారు. వెయ్యి యూరోల లోపు మార్పిడి అయితే, మూడు గంటల్లోపు అదే కొట్టుకి రసీదు తీసుకెళ్ళి రద్దు చేసుకోవచ్చు. అందుకని రసీదు పారెయ్యకండి. అసలు కార్డు ఉంటే మార్చుకునే అవసరమే పెద్దగా రాదు. ఏటీఎంలో గానీ, హోటల్లో కార్డు మెషీన్‌లో గానీ "యూరోల్లో కట్టాలా, కొరునాల్లోనా" అని అడిగితే కొరునాలే నొక్కండి. యూరో నొక్కితే మారకం రేటు ఆ మెషీనుదే.

ట్రామ్ సులువు. లోపలే కార్డు ఆనించి టికెట్ తీసుకునే మెషీన్ ఉంటుంది. కాగితం టికెట్ కొంటే మాత్రం ఎక్కగానే పసుపు డబ్బాలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్ ఉన్నా లేనట్టే.

బట్టల గురించి పెద్దగా చెప్పను, చలి మీకు తెలిసిందే. లోపల థర్మల్, పైన స్వెటర్, దాని మీద గాలి దూరని జాకెట్. డబ్బంతా బూట్ల మీద పెట్టండి. ఊరంతా రాళ్ళు పరిచిన బాటలే. రాత్రి తడిసి తెల్లారేసరికి అద్దంలా గడ్డకడతాయి. అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకుని చిన్న చిన్న అడుగులు వెయ్యండి. ఫోన్ లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.

శనివారం. అలారం ఆరున్నరకి. ఏడుంపావుకి చార్లెస్ బ్రిడ్జి మీద ఉండాలి. చీకట్లోనా అంటే, అవునండీ, చీకట్లోనే. ఎండాకాలం ఈ వంతెన మీద భుజాలు రాసుకుంటూ నడవాలి. జనవరి తెల్లవారుజామున నాకు ఎదురైంది కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన, కెమెరా స్టాండుతో ఇద్దరు. అంతే. వంతెన పొడవు అర కిలోమీటరు పైనే, రెండు పక్కలా కలిపి ముప్ఫై విగ్రహాలు. అప్పటి రాజు చార్లెస్ IV 1357లో జులై 9న తెల్లవారుజామున 5:31కి పునాది వేయించాడని చెప్పుకుంటారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషం వరసగా రాయండి: 1-3-5-7-9-7-5-3-1. మనవాళ్ళకి ముహూర్తం సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు కదా!

కోట వైపు నడుస్తుంటే కుడి చేతి వైపు, తల చుట్టూ ఐదు నక్షత్రాలున్న విగ్రహం వస్తుంది. నెపోముక్ జాన్ అనే క్రైస్తవ మతగురువు. 1393లో అప్పటికి ఉన్న వేరే రాజు ఆయన్ని చంపించి నదిలోకి పారేయించాడు. విగ్రహం కింద ఇత్తడి రంగు ఫలకం చూడండి. అంతా నల్లబడి ఉంటుంది, ఆయన్ని నదిలోకి తోసే చోటు ఒక్కటే బంగారంలా మెరుస్తుంది. ముట్టుకుంటే మేలు జరుగుతుందని ఇన్నేళ్ళూ జనం చేతులు పెట్టీ పెట్టీ అలా నునుపుదేలింది. గ్లౌజు తీసి నేనూ పెట్టాను. వేలు ఝల్లుమంది, అంత చలి. సరిగ్గా అప్పుడే వెనక పాత ఊరి బురుజుల వైపు ఆకాశం తెల్లబడి, ఎదురుగా కొండ మీద కోటకి తొలి వెలుగు తగిలింది. ఆ పది నిమిషాలు ఫోన్ లోపల పెట్టెయ్యండి.

వంతెన దిగాక ట్రామ్ 22 ఎక్కి ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో దిగితే కొండ ఎక్కే శ్రమ తప్పుతుంది. కోట లోపలి భవనాలు చలికాలంలో తొమ్మిది నుంచి నాలుగు వరకే. కెథడ్రల్ 1344లో మొదలుపెడితే 1929కి పూర్తయింది. లోపల ఎడమవైపు మూడో చాపెల్ (చిన్న ప్రార్థన గది) దగ్గర చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా వేసిన రంగుటద్దాల కిటికీ ఉంది. నీలం అంచుల నుంచి చూపు జరుపుకుంటూ మధ్యలోని బంగారు, ఎరుపు రంగుల దాకా రండి. అక్కడ మోకాళ్ళ మీద ఒక పిల్లవాడు, పక్కన వాళ్ళ నానమ్మ. ఆ పిల్లవాడే పెద్దయ్యాక వాళ్ళ దేశానికి రక్షకుడైన సెయింట్ వెన్సెస్లాస్. తర్వాత పాత రాజభవనం, గోల్డెన్ లేన్ చూసుకుని నెరుదోవా వీధి మీదుగా నడిచి దిగండి, మధ్యాహ్నం రెండవుతుంది.

తిండి. బీఫ్, పోర్క్ తిననివాళ్ళు మెనూ చదివి కంగారు పడొద్దు. "బెజ్ మాసా" అనండి, మాంసం లేకుండా అని. వాళ్ళ "మాసో", సంస్కృతం నుంచి మనకొచ్చిన "మాంసం", రెండింటి మూలం ఒకటే. నాకు తెలిసినప్పుడు ఎంత సంతోషమేసిందో! వేయించిన చీజ్‌ని స్మాజెనీ సీర్ అంటారు, దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది. చెస్నెచ్కా అని వెల్లుల్లి సూపు ఉంటుంది, ఆ చలిలో మన చారు తాగినంత హాయి. కాకపోతే అందులో హ్యామ్ ముక్కలు వేస్తుంటారు, అది విడిగా అడగండి.

నాలుగున్నర, చీకటి. ఇప్పుడు పాత ఊరి చౌకులో గడియారం దగ్గరికి. 1410 నాటిది. ప్రతి గంటకీ అస్థిపంజరం బొమ్మ గంట లాగుతుంది, పైన కిటికీల్లో క్రీస్తు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు వరసగా వచ్చి వెళ్తారు. ఒక్క నిమిషంలో అయిపోతుంది, అందరూ తల పైకెత్తి ఉంటారు కాబట్టి బ్యాగు ముందుకి వేసుకోండి. జనం వెళ్ళిపోయాక మీరు ఉండండి. అంచున బంగారు అంకెల వలయం ఉంది కదా, అది సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెడుతుంది. మన పంచాంగం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టే, వాళ్ళ పాత లెక్కలో పొద్దు గుంకితే రోజు పూర్తి. మధ్యలో నీలం భాగం పగలు, నల్ల భాగం రాత్రి. పగటి గంటలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిన నేను దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఆడపిల్లలు అడుగుతారు, రాత్రి భయం లేదా అని. చౌకు, ట్రామ్ స్టాపులు, పెద్ద వీధులు తొమ్మిది పదింటి దాకా జనంతోనే ఉన్నాయి. గది మాత్రం ట్రామ్ స్టాపుకి రెండు నిమిషాల దూరంలో తీసుకోండి, కాస్త ఖర్చు ఎక్కువైనా సరే.

ఆదివారం తొమ్మిదికి యూదుల పేట. పింకాస్ సినగాగ్‌తో, అంటే యూదుల ప్రార్థనా మందిరంతో మొదలుపెట్టండి. లోపల వస్తువులేమీ ఉండవు, గోడలే. నాజీల చేతుల్లో చనిపోయిన చెక్ యూదుల పేర్లు, దాదాపు 80,000, చేత్తో రాసి ఉంటాయి. ఇంటిపేరు ఎరుపులో, పేరు నలుపులో, పక్కన తేదీలు. దూరం నుంచి గోడకి బూడిదరంగు పూసినట్టుంటుంది. దగ్గరికెళ్తే ఒకే ఇంటిపేరు కింద నాన్న, అమ్మ, ముగ్గురు పిల్లలు. పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి, ఇళ్ళు, పువ్వులు, సీతాకోకచిలుకలు. ఇక్కడ దయచేసి తొందరపడకండి. ఒక్కళ్ళమే వెళ్ళడం మంచిదైంది అనిపించింది నాకు, ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేకపోయింది. బయటికి రాగానే పాత శ్మశానం, చోటు చాలక ఒకరి మీద ఒకరిని పూడ్చిన చోటు. ఒరిగిన రాళ్ళ మీద మంచు, మంచు మీద ఎవరో పెట్టి వెళ్ళిన గులకరాళ్ళు.

భోజనం చేసి, బ్యాగు తీసుకుని, నాలుగింటికి వెన్సెస్లాస్ చౌకు పై చివరికి రండి. నేషనల్ మ్యూజియం ముందు నేలలోనే ఒక కంచు శిలువ ఉంటుంది, కింద నుంచి ఎవరో లేస్తున్నట్టు రాళ్ళు ఉబ్బి ఉంటాయి. సోవియట్ సేనల ఆక్రమణ తర్వాత జనం నీరసపడిపోతున్నారని 1969 జనవరి 16న యాన్ పాలఖ్ అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి ఇక్కడ తనకి తాను నిప్పంటించుకున్నాడు. నేను వెళ్ళింది ఆ వారంలోనే. మంచు తుడిచి ఎవరో దీపాలు పెట్టారు, రెండు ఆరిపోయి ఉన్నాయి. ఒకావిడ వంగి వెలిగిస్తుంటే గాలి రాకుండా నేను చేతులు అడ్డం పెట్టాను. "దెకుయి" అంది, థాంక్స్ అని.

అక్కడి నుంచి మెయిన్ స్టేషన్‌కి నడిస్తే పది నిమిషాలు. మ్యూజియంకి ఎదురుగా నిలబడితే ఎడమవైపు వెళ్ళాలి.