జూమ్ హెచ్1ఎన్ రివ్యూ: ఫిల్మ్ స్టూడెంట్‌కి ఈ రికార్డర్ సరిపోతుందా?

ఇప్పుడు మీకు వినిపిస్తున్న నా గొంతు ఇదిగో, ఈ చిన్న రికార్డర్‌లోంచి వస్తోంది. నోటికి జానెడు దూరంలో పెట్టుకున్నా. ఒక్క నిమిషం, దీన్ని తీసుకెళ్లి ఆ కెమెరా పక్కన పెడతాను... ఆఁ, ఇప్పుడు వినండి. అదే గది, అదే గొంతు, సౌండ్ లెవెల్ పెంచే, తగ్గించే డయల్ ముట్టుకోలేదు. కానీ గోడల ఎకో మొదలైంది, పైన తిరుగుతున్న ఫ్యాన్ ముందుకొచ్చేసింది, నా గొంతు వెనక్కి పోయింది. సరే, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంటున్నా. ఈ రివ్యూ అంతా ఈ రెండు చోట్ల మధ్య దూరం గురించే అనుకోండి.

నేను హైదరాబాద్‌లో ఫిల్మ్, టీవీ ప్రొడక్షన్ చదువుతున్నా. ఇది జూమ్ హెచ్1ఎన్, 2018లో వచ్చింది. పాతదానికి ఇప్పుడు రివ్యూ ఏంటి అంటే, మా దగ్గర కోర్సు అయిపోయిన సీనియర్లు జూనియర్లకి అమ్మేసి వెళ్లే సామాన్లలో ఇలాంటివే ఎక్కువ. కొత్త కెమెరాల రివ్యూలు బోలెడున్నాయి. ఫస్ట్ ఇయర్‌లో చేతికి దొరికే దాని గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు.

ముందు వివరాలు గబగబా చెప్పేస్తా. బరువు 60 గ్రాములు, బ్యాటరీలు కాకుండా. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్స్ రెండు పడతాయి. ఆల్కలైన్‌వి అయితే సుమారు పది గంటలు వస్తాయని కంపెనీ లెక్క. మైక్రో ఎస్‌డీ కార్డ్ 32 జీబీ దాకా తీసుకుంటుంది. తల మీద రెండు మైకులు ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉంటాయి, అంటే స్టీరియో. పక్కన 3.5 ఎంఎం జాక్. రికార్డింగ్ క్వాలిటీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకుంటే గంటకి ఒక జీబీ చిల్లర అవుతుంది, కాబట్టి కార్డ్ నిండుతుందన్న బెంగ అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. మా క్లాసులో గ్రూప్ ప్రాజెక్ట్ ఇచ్చారంటే మొదటి పది నిమిషాలు డైరెక్షన్ ఎవరు అన్న గొడవే. తర్వాత కెమెరా. తర్వాత ఎడిటింగ్. చివరికి సౌండ్ ఎవరు అనగానే అందరూ ఫోన్లు తీస్తారు. ఆ రోజు లేటుగా వచ్చినవాడికో, ఎదురు చెప్పని అమ్మాయికో అంటగడతారు. స్టోర్‌రూమ్ రిజిస్టర్‌లో కూడా అంతే, లెన్సుల కోసం క్యూ ఉంటుంది, రికార్డర్ అడిగేవాడు ఉండడు. "పర్లేదు రా, డబ్బింగ్‌లో చూసుకుందాం" అనేది మా బ్యాచ్ జాతీయ గీతం.

ఈ మాట మాకు ఇండస్ట్రీ నుంచే అంటుకుంది. తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం లొకేషన్‌లో పైలట్ ట్రాక్, అంటే గుర్తు కోసం మాత్రమే తీసే సౌండ్, తీసుకుని, తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పించే పద్ధతే. వాళ్లకది కుదురుతుంది. డబ్బింగ్ థియేటర్ ఉంది, గొంతు ఇచ్చేవాళ్లున్నారు, వాటికి బడ్జెట్ ఉంది. మనకేముంది? హీరోగా చేసింది ఇంజనీరింగ్ చదివే ఫ్రెండ్. రెండు రోజులు బిర్యానీ పెట్టి షూట్ చేశాం, వాడు వరంగల్ వెళ్లిపోయాడు. డబ్బింగ్‌కి పిలిస్తే సెమిస్టర్ ఎగ్జామ్స్ అంటాడు. అంచేత స్టూడెంట్ ఫిల్మ్‌కి లొకేషన్‌లో దొరికిందే సౌండ్.

అందుకే దీన్ని నిజమైన షూట్‌లో పెట్టి చూశాను. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, ఎండాకాలం, తల్లీ కొడుకుల సీను. ఓనర్ ఆంటీ దీన్ని చూసి "గడ్డం గీసుకునే మిషన్ ఎందుకమ్మా షూటింగ్‌లో" అంది. చూడ్డానికి అలాగే ఉంటుంది లెండి. ఫ్యాన్ ఆపాం. ఐదు నిమిషాలకి నటించేవాళ్ల మేకప్ కారిపోతోంది. ఇందులో లో కట్ బటన్ ఉంది, కింది స్థాయి గుమ్మనే మోత తగ్గుతుంది. కానీ ఫ్యాన్ గాలి చప్పుడు మనిషి గొంతు ఉండే స్థాయిలోనే ఉంటుంది, దాన్ని ఏ బటనూ తియ్యదు. ఫ్యాన్ ఆపాల్సిందే, చెమటలు పట్టాల్సిందే.

ఫ్రిజ్ కూడా ఆపాలి. ఇక్కడ సౌండ్ వాళ్లు చాలాచోట్ల వాడే చిట్కా ఒకటుంది: ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం అందులో పెట్టండి. ప్యాకప్ అయ్యాక తాళం కోసం ఫ్రిజ్ తెరవక తప్పదు, స్విచ్ వెయ్యడం గుర్తొస్తుంది. లేదంటే ఆంటీ పాలు విరుగుతాయి, మళ్లీ ఆ ఇంట్లో షూటింగ్ ఉండదు. బయట నుంచి వచ్చేవాటికి మాత్రం మందు లేదు. పక్కింటి కుక్కర్ విజిల్, పాత సామాన్ల బండి మైకు. అవి వెళ్లేదాకా ఆగడమే.

రికార్డర్‌ని కెమెరా మీద బిగించిన టేక్ పనికిరాలేదు. డైనింగ్ టేబుల్ మీద పూల కుండీ వెనక దాచిన టేక్ చక్కగా వచ్చింది. పెయింటర్లు రోలర్‌కి తగిలించే పొడుగు కర్రకి కట్టి తల పైనుంచి పట్టుకున్నది ఇంకా బాగుంది, కానీ కర్ర పట్టుకున్న వేళ్లు కదిలినా వినిపిస్తుంది. బాడీ ప్లాస్టిక్, మధ్యలో స్పాంజ్ పెట్టి కట్టాలి. ఆరుబయట అయితే మైకుల మీద ఫోమ్ తొడుగు లేకుండా తియ్యనే వద్దు. నాకు నచ్చిన పద్ధతి వేరే: కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు కాలర్ మైక్ ఈ జాక్‌కి పెట్టి, రికార్డర్‌ని యాక్టర్ జేబులో వేసెయ్యడం. వైర్‌లెస్ లేని లోటు తీరుతుంది. కాకపోతే ఏం రికార్డ్ అవుతోందో మీకు వినపడదు, కాబట్టి ముందే రిహార్సల్‌లో గట్టిగా అరిచే డైలాగ్ చెప్పించి, స్క్రీన్ మీద లెవెల్ మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తిరిగేలా డయల్ పెట్టుకోవాలి.

దూరం గురించి ఒక లెక్క. సౌండ్ సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. మన సినిమా సెకనుకి 24 ఫ్రేములు. అంటే యాక్టర్ 14 మీటర్ల దూరంలో ఉంటే, మాట ఒక ఫ్రేమ్ లేటుగా చేరుతుంది. లాంగ్ షాట్‌లో పెదాలు తేడాగా కనిపిస్తే ముందు ఇది చూసుకోండి, తర్వాత ఎడిటర్ని తిట్టండి.

కెమెరా, రికార్డర్ వేరువేరు కాబట్టి, తర్వాత బొమ్మనీ సౌండ్‌నీ కలపడానికి ప్రతి టేక్‌కీ క్లాప్ ఉండాలి. బోర్డు లేకపోతే చేతులతో కొట్టినా చాలు. సీన్, షాట్, టేక్ నంబర్లు నోటితో చెప్పండి, ఎందుకంటే ఫైల్ పేర్లలో సీన్ వివరాలు ఉండవు, అర్ధరాత్రి ఎడిట్‌లో ఏది ఏదో తెలీదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లోనే వేవ్‌ఫామ్, అంటే సౌండ్ గీతలు, చూసి సింక్ చేసే ఆప్షన్ ఉంది, పోల్చడానికి కెమెరా సౌండ్ కూడా కావాలి కాబట్టి కెమెరా మైక్ మాత్రం ఆఫ్ చెయ్యకండి. ప్యాకప్ చెప్పకముందు అర నిమిషం రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో ఉండే సౌండ్, తీసుకోండి. మా గ్రూప్‌లో అర నిమిషం నవ్వకుండా నిలబడ్డ బ్యాచ్‌ని నేనింకా చూళ్లేదు.

ఇందులో లేనివేంటి? పెద్ద మైకులకి వాడే మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ సాకెట్ లేదు, కేబుల్ ద్వారానే మైక్‌కి కరెంట్ ఇచ్చే ఫాంటమ్ పవర్ లేదు. అంటే కాలేజీ స్టోర్‌లో ఉండే పెద్ద షాట్‌గన్ మైకులు, అంటే ఎదురుగా ఉన్న సౌండే ఎక్కువ పట్టే పొడుగు మైకులు, దీనికి నేరుగా తగలవు. యూఎస్‌బీ కూడా పాత మైక్రో పిన్నే. ఇదే వరసలో తర్వాత వచ్చిన హెచ్1 ఎసెన్షియల్‌లో 32 బిట్ ఫ్లోట్ ఉంది, అంటే లెవెల్ డయల్‌తో పనే లేదు, గుసగుస, అరుపు రెండూ ఒకే టేక్‌లో నిలబడతాయి. కొత్తది కొనే డబ్బులుంటే నా ఓటు దానికే. సీనియర్ దగ్గర తక్కువకి దొరికితే మాత్రం హెచ్1ఎన్ తీసేసుకోండి. డయల్ తిప్పి లెవెల్ పెట్టడం దీని మీద చేతికొస్తుంది, రేపు ఏ సెట్‌లో నిలబడ్డా అదే పని. ఇంటర్వ్యూలు, పెళ్లి వీడియోలు తీసి పాకెట్ మనీ సంపాదించేవాళ్లు మాత్రం దీని జోలికి రావద్దు, పెళ్లిలో రెండో టేక్ ఉండదు.

సెకండ్ హ్యాండ్ అయితే డబ్బులిచ్చే ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డయల్‌ని మెల్లగా తిప్పండి, గరగర వస్తే వద్దు. జాక్‌లో పిన్ పెట్టి కొంచెం కదిపి చూడండి. బ్యాటరీ మూత గట్టిగా పడుతోందా చూడండి. మీ కార్డే వేసి పది నిమిషాలు రికార్డ్ చేసి, అక్కడే వినండి. సీనియర్ ఎంత దగ్గరివాడైనా సరే.