పిల్లకి భయం, వైద్యం అమ్మానాన్నలకి

అందరికీ నమస్కారం.

నా గదిలోకి వచ్చిన పిల్లని "నీ పేరేంటమ్మా?" అని అడుగుతాను. అమ్మ చెబుతుంది. ఏ క్లాసో నాన్న చెబుతారు. క్లినికల్ సైకాలజిస్టుగా ముందు నేను కాగితం మీద రాసుకునేది పేరు కాదు, జవాబు ఎవరిచ్చారన్నది.

సోమవారం పొద్దున కడుపునొప్పి. పరీక్షలన్నీ చేయిస్తే ఏమీ లేదంటారు. "నాటకాలు" అంటారు ఇంట్లో. నాటకం కాదండీ. భయంతో కడుపు నిజంగానే నొప్పెడుతుంది, మీ ఉద్యోగం ఇంటర్వ్యూ రోజు గుర్తు తెచ్చుకోండి. సరే, బడి మాన్పించారు. కాసేపటికి నొప్పి పోయింది, ఇల్లంతా హాయి. మంగళవారానికి మాత్రం భయం ఇంకాస్త ముదురుతుంది. వెళ్లలేదు కాబట్టే గట్టెక్కానని పిల్ల నమ్మింది కదా!

అందుకే మా వైద్యంలో అసలు పని, భయపడే చోటికే మెట్టు మెట్టుగా వెళ్లనివ్వడం. కిరాణా కొట్లో తనే నోరు తెరిచి పెన్ను అడగడం మొదటి మెట్టు కావచ్చు. అమెరికాలో 488 మంది పిల్లలతో చేసిన పరిశోధన 2008లో వెలువడింది. ఈ తరహా థెరపీతో దాదాపు 60 శాతం మందికి బాగా నయమైంది. ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ అనే మాత్రతో 55 శాతం, రెండూ కలిపితే 81. మందులేని ఉత్త మాత్ర మింగినవాళ్లలో 24. థెరపీ అంటే కబుర్లేగా అనేవాళ్లకి ఈ అంకెలు చెబుతుంటాను, మాత్ర అనగానే ఉలిక్కిపడేవాళ్లకి కూడా.

మరి పిల్ల అసలు రానంటే? యేల్ యూనివర్సిటీలో ఎలై లీబోవిట్జ్ బృందం 124 మంది పిల్లల్ని తీసుకుంది. కొందరికి నేరుగా థెరపీ. మిగతావాళ్ల విషయంలో 12 వారాలూ అమ్మానాన్నలే వచ్చారు, పిల్లలు రాలేదు. ఫలితంలో రెండోది మొదటిదానికి తీసిపోలేదు!

ఆ పెద్దవాళ్లకి నేర్పింది వినడానికి చిన్నదే. "నీకు భయంగా ఉందని తెలుసు, తట్టుకోగలవనీ తెలుసు" అని చెప్పడం, తర్వాత పిల్ల బదులు తాము చేసే పనుల్ని ఒక్కొక్కటిగా మానుకోవడం. తిట్టడం కాదు, తోసెయ్యడం కాదు. చేసి చూడండి, ప్రాణం విలవిల్లాడుతుంది. నా అనుభవంలో పిల్లల కన్నా పెద్దల భయం తగ్గడానికే ఎక్కువ రోజులు పడుతుంది.

ఇక ప్రశ్నలు అడగండి. మైకు ఆ వెనక వరసలో ఉంది. పిల్లలెవరైనా లేస్తే, పక్కనున్నవాళ్లు దయచేసి మాట అందించకండి.