పది రూపాయల బిళ్ళతో మొదలయ్యే సినిమా

శ్రోతలకు నమస్కారం.

బళ్ళో చదువుకునే పిల్లలు సినిమాలు తీయడం మనకు కొత్తేమీ కాదు. 2017లో హైదరాబాదులో జరిగిన 20వ అంతర్జాతీయ బాలల చిత్రోత్సవంలో పిల్లలు తీసిన చిత్రాలకు ‘లిటిల్ డైరెక్టర్స్’ పేరుతో విడిగా ఒక పోటీయే ఉంది. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది కాబట్టి పల్లెటూరి బడిలో కూడా పది నిమిషాల సినిమా తయారవుతోంది. కథలు బాగుంటున్నాయి. నటించే పిల్లలు బెరుకు లేకుండా చేస్తున్నారు. చిక్కల్లా మొదటి రెండు నిమిషాల దగ్గరే.

అలారం మోగుతుంది. పాప లేస్తుంది, పళ్ళు తోముకుంటుంది, అమ్మ టిఫిన్ పెడుతుంది, పాప బ్యాగు తగిలించుకుని బయల్దేరుతుంది. దీనికి ముందు బడి పేరు, సమర్పణ, కృతజ్ఞతలు కలిపి ఇంకో నిమిషం. అప్పటికే ముందు వరసలో కూర్చున్న రెండో తరగతి పిల్లలు కబుర్లలో పడిపోతారు. పెద్దవాళ్ళయితే మొహమాటానికి కూర్చుంటారు. పిల్లలకు ఆ మొహమాటం ఉండదు. వాళ్ళకోసం తీసే సినిమాకి ఆరంభాన్ని ముందే కాగితం మీద ఎలా వేసుకోవాలో ఈవేళ చెబుతాను.

తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు నాకు ఒక కథ చెప్పారు. మూడో తరగతి పాప. ఆ రోజు బడికి చార్టు తీసుకెళ్ళాలి. చేతిలో పది రూపాయల బిళ్ళ ఉంది. కొట్టాయన “ఇది చెల్లదమ్మా, నోటు పట్రా” అంటాడు. బెల్లు కొట్టేలోపు పాప చార్టు ఎలా సంపాదిస్తుందన్నదే కథ. పది రూపాయల బిళ్ళలు 14 డిజైన్లలో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. అయినా మన కొట్లలో ఆ బిళ్ళ చూసి మొహం చిట్లించేవాళ్ళు ఉంటూనే ఉన్నారు. పిల్లలు ఆ సంగతి పట్టుకున్నందుకు నాకు ఎంతో ముచ్చటేసింది.

కానీ వాళ్ళ కాగితంలో సినిమా ఊరిని డ్రోన్‌తో చూపించడంతో మొదలైంది. ఆ తర్వాత అలారం. ఆ తర్వాత “నా పేరు ఫలానా, మాది పేద కుటుంబం” అని పాప గొంతు. ఇవేవీ అక్కర్లేదు. పాపకి ఏం కావాలి, దానికి ఏం అడ్డొచ్చింది, ఈ రెండూ కళ్ళకు కనబడితే చాలు. పేదరికం గురించి ఎవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేదు. ఒక్క బిళ్ళని పాప ఎంత గట్టిగా పట్టుకుందో చూస్తే పిల్లలకి అర్థమైపోతుంది.

ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ ఇలాగే మొదలవుతుంది. తెర నిండా చెప్పులు కుట్టే మనిషి చేతులు, ఆ చేతుల్లో నలిగిపోయిన గులాబీరంగు చిన్న బూటు. టైటిల్స్ పడుతున్నంతసేపూ కుట్టడమే చూస్తాం. ఆ పాత బూటు ఎంత అవసరమో మనకు అక్కడే పట్టుబడుతుంది. కాసేపటికి ఆ బూట్లు పోతే మన ప్రాణం ఉసూరుమంటుంది.

మన కథకీ అలాంటి వస్తువు ఉంది. కాగితం మీద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో షాట్ బొమ్మ వేయమన్నాను. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. పుల్లల మనుషులైనా సరే, కెమెరా ఎక్కడుందో తెలిస్తే చాలు. చివరికి తేలింది ఇది.

తెర నల్లగా ఉండగానే వీధి చప్పుళ్ళు వినిపిస్తాయి. తర్వాత క్లోజప్‌లో మూసిన గుప్పిట. అది విచ్చుకుంటుంది. చెమట పట్టిన అరచేతిలో బిళ్ళ, బిళ్ళ పక్కకి జరిగితే దాని అంచు గుండ్రంగా పడిన ముద్ర. రెండో షాట్ కొట్టు లోపలినుంచి. చాక్లెట్ సీసాల మధ్య సందులో పాప కళ్ళు, ఎర్ర రిబ్బన్లు మాత్రమే కనిపిస్తాయి, అదీ మునివేళ్ళ మీద లేచినప్పుడే. తర్వాత పాప చూపు ఎటు పోయిందో అటు చూస్తాం. మూలన డబ్బాలో చుట్టలు చుట్టి నిలబెట్టిన చార్టులు, వాటిలో పసుప్పచ్చది ఒకటి. ఇంతలో పాప తలమీదుగా పెద్దవాళ్ళ చేతులు వస్తూ పోతూ ఉంటాయి. పాల ప్యాకెట్టు, షాంపూ ప్యాకెట్టు, చిల్లర. పాపని ఎవరూ పట్టించుకోరు. చివరికి అద్దం మీద బిళ్ళ పెట్టిన టక్కుమనే చప్పుడు. కొట్టాయన వేలు ఆ బిళ్ళని మెల్లగా వెనక్కి నెడుతుంది. సినిమా పేరు అక్కడ పడాలి.

పేరు పడినప్పుడు పాప గొంతుతోనే చదివించండి. ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలకి అక్షరాలు తెరమీద రెండు క్షణాలుంటే చాలవు. బడి పేరూ కృతజ్ఞతలూ సినిమా చివర్న వేసుకోవచ్చు. హెడ్మాస్టరు గారికి ఈ మాట నచ్చచెప్పడం కొంచెం టెన్షనే, కానీ చెప్పి తీరాలి.

కెమెరా ఎత్తు గురించి మరీమరీ చెబుతాను. మనిషి నిలబడి ఫోన్ పట్టుకుంటే పిల్లల నడినెత్తి కనిపిస్తుంది. ఫోన్‌ని పాప కళ్ళ ఎత్తుకి దించండి. అప్పుడు ఆ చిన్న కొట్టే గోడలా లేస్తుంది, కొట్టాయన మొహం ఫ్రేములోకి రానేరాదు. ఆయన మొహం మొదటిసారి చూపించే చోటు కథలో తర్వాత ఉంది. అందాకా ఆగాలి.

చప్పుళ్ళు విడిగా రికార్డు చేసుకోవాలి. బిళ్ళ చప్పుడు కొట్టు రద్దీలో వినపడదు. ఎవరూ లేనప్పుడు ఫోన్ దగ్గరగా పెట్టి తీసుకుని ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు. చాలా ఫోన్లలో తెరమీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకసు, వెలుతురు లాక్ అవుతాయి. లేదంటే తెల్లచొక్కా మనిషి అడ్డొచ్చినప్పుడల్లా షాట్ చీకటి పడుతుంది. పాప బడివైపు ఎడమనుంచి కుడికి పరుగెడితే, తర్వాతి షాట్‌లో కూడా అటే పరుగెత్తాలి. దిక్కు మారితే ఇంటికి తిరిగెళ్ళిపోతోందనుకుంటారు. రిబ్బన్లు ఎటువైపు ఎలా కట్టారో ఫొటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే రెండో ఆదివారం షూటింగ్‌కి వచ్చేసరికి వాళ్ళమ్మ వేరేలా జడవేసి పంపుతుంది.

ఇక నటించే పాప గురించి. అమ్మానాన్నల అనుమతి తప్పనిసరి. బాలకార్మిక చట్టం కింద 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం, బాల కళాకారుల చేత రోజుకి ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. బడి సినిమాకి నా ఉద్దేశంలో ఒక పూట రెండు గంటలు చాలు. పొద్దున ఏడింటికి మొదలుపెడితే ఏటవాలు ఎండ బాగుంటుంది, కొట్టులో బేరాలు కూడా అప్పుడే జోరుగా ఉంటాయి. కొట్టాయనతో ముందురోజే మాట్లాడుకోవాలి.

షూటింగ్‌కి ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. గళ్ళలో వేసిన బొమ్మల్ని ఫోన్లో ఫొటోలు తీసి, వరసగా పేర్చి, చప్పుళ్ళు మీరే నోటితో చేసి కలపండి. నిమిషంన్నర వస్తుంది. దాన్ని రెండో తరగతి పిల్లలకి చూపించి, ఏమీ వివరించకుండా “పాపకి ఏం కావాలి?” అని మాత్రం అడగండి. జవాబు రాకపోతే ఎక్కడ తికమకపడ్డారో వాళ్ళనే అడిగి ఆ గడిలో బొమ్మ మార్చుకోండి. “చార్టు” అని చెప్పి, వెంటనే “మరి ఆ బిళ్ళ ఎవరు తీసుకుంటారు?” అని వాళ్ళే మిమ్మల్ని ఎదురడిగితే షూటింగ్‌కి రోజు ఖాయం చేసుకోవచ్చు.

నమస్కారం.